గొంగడి మీద కృష్ణ

నీరడి తాత చనిపోయాడని ఆయన మనవరాలు ఫోన్ చేసి చెప్పింది. నాగర్‌కర్నూల్‌లో మా ఇంటి వరండాలో కూర్చొని పేపరు చదువుతున్నాను. "తాత పోయిండు సారు. పొద్దుగాల వాన పడుతుంటే పోయిండు," అన్నది. ఏడవలేదు. ఏదో ఒకటి అడగాలి కాబట్టి, "ఎన్నేళ్లుంటాయమ్మా ఆయనకు?" అన్నాను. "ఆయనకే తెల్వదు సారు, నాకేం తెలుస్తది," అన్నది.

మూడో రోజు జిల్లా పేజీలో ఒక మూల రెండు వాక్యాలు వచ్చాయి. వృద్ధ కూలీ మృతి అని శీర్షిక. ఆయన కూలీ కాదు. పెద్దమందడి మండలంలో ఒక ఊరికి నీరడి. చెరువు తూము ఎప్పుడు తీయాలి, ఎప్పుడు మూయాలి, ఏ మడికి ఎంతసేపు నీళ్లు పారాలి అన్నది ఆయన చేతిలో ఉండేది. తండ్రి నుంచి ఆయనకు వచ్చిన పని అది. వార్త రాసినవాడికి ఆ మాట తెలియకపోతే ఊళ్లో ఒకరిని అడగవచ్చు. అడగలేదు. ఆ రెండు వాక్యాల పక్కనే అరపేజీ ప్రకటన ఉంది. ప్లాట్లు అమ్మే పెద్దమనిషి ఒకరికి పుట్టినరోజు శుభాకాంక్షలు. ఆ నవ్వు ముఖం నాకు తెలుసు. సాంఘికశాస్త్రంలో నా దగ్గర ఎప్పుడూ మొదటి మార్కు తెచ్చుకున్న పిల్లవాడు. అతని సంగతి తర్వాత చెబుతాను.

నేను ఆ ఊరి బడిలో చాలా ఏళ్లు సాంఘికశాస్త్రం చెప్పాను. మా ఇంట్లో నాలుగు బీరువాల పుస్తకాలున్నాయి. అన్నీ చదివినవే. ప్రపంచంలో ఏ నది పేరు చెప్పినా దాని పుట్టుక, పొడవు, ఉపనదులు, అది కలిసే సముద్రం వరసగా చెప్పగలను. ఈ విద్యతో ఒకప్పుడు నాకు చాలా గర్వంగా ఉండేది. ఇప్పుడు అది గుర్తొస్తే పళ్లు కొరుక్కుంటాను.

ఒక అర్ధసంవత్సర పరీక్షలో ఏడో తరగతికి ప్రశ్న ఇచ్చాను. కృష్ణా నది ఎక్కడ పుట్టింది? పటం గీసి ఉపనదులను గుర్తించండి. ఐదు మార్కులు. అందరూ మహాబలేశ్వరం అని రాశారు, తుంగభద్రను, భీమను ఏదో ఒక దిక్కున గీశారు. ఒక పిల్ల మాత్రం ఇలా రాసింది: "కృష్ణా నది చాలా చోట్ల పుడుతుంది. మా ఇంటి చూరు కింద కూడా పుడుతుంది." కింద పటం గీసింది. గుట్ట, గుట్ట కింద వాళ్ల ఇల్లు, చూరు నుంచి వాడలోకి ఒక గీత, వాడ నుంచి కట్టుకాలువలోకి, కట్టుకాలువ నుంచి చెరువులోకి. గుట్ట మీద పడ్డ వానను చెరువుకు చేర్చే కాలువను అక్కడ కట్టుకాలువ అంటారు. చెరువు నిండితే పొర్లే అలుగు నుంచి కింది ఊరి చెరువుకు మరో గీత, అక్కడి నుంచి వాగు, ఆ వాగు పోయి పోయి కాగితం అంచున కృష్ణలో కలిసింది. కట్టుకాలువ ఎక్కడ వంకర తిరుగుతుందో, ఏ తుమ్మచెట్టు దగ్గర తిరుగుతుందో కూడా రాసింది.

ఎర్ర సిరాతో సున్నా చుట్టాను. "ప్రశ్న సరిగా చదువుము" అని రాశాను. కింద సంతకం, తేదీ. ఆ పిల్ల నీరడి తాత మనవరాలు.

పేపర్లు ఇచ్చిన మర్నాడే ఆయన బడికి వచ్చాడు. భుజం మీద గొంగడి, చేతిలో నీళ్ల చెంబు. తరగతి గడప బయట నిలబడ్డాడు. లోపలికి రాలేదు. నేను రమ్మనలేదు. అప్పట్లో అది తప్పని నాకు తోచలేదని రాయాలని ఉంది. తోచింది. అయినా అనలేదు.

"సారు, పిల్లకు నేనే చెప్పిన. తప్పయితే నన్ను కొట్టు," అన్నాడు నవ్వుతూ.

"కృష్ణ మహాబలేశ్వరంలో పుట్టింది. పుస్తకంలో ఉంది," అన్నాను.

"గాడ పుట్టిన నీళ్లు గాడియి సారు. మన గుట్ట మీద పడ్డయి యాడ పుట్టినట్టు? పెండ్లికి నూరు మంది వస్తరు. అందరికంటె దూరంకెళ్లి వచ్చిన చుట్టం పేరొక్కటే రాసుకుంటివి. మిగిలినోళ్లు వచ్చినట్టా, రానట్టా?"

పిల్లలు నవ్వారు. నాకు కోపం వచ్చింది. అప్పుడాయన గొంగడి తీసి బడి వాకిట్లో నేల మీద పరిచాడు. పిల్లలు నన్ను అడగకుండానే బయటికి వెళ్లి చుట్టూ కూర్చున్నారు. గొంగడి అంచుల కింద మూడు వైపులా రాళ్లు పెట్టి ఎత్తు చేశాడు. నాలుగో వైపు కిందికి వదిలాడు. గొంగడిని అక్కడక్కడ వేళ్లతో పట్టి మడతలు లేపాడు.

"గీ అంచు గుట్ట. గీ అంచు కూడ గుట్ట. చూడుండ్రి," అని చెంబులో నీళ్లు చేతితో చిలకరించాడు. గొర్రె బొచ్చు గొంగడి నీటిని వెంటనే పీల్చదు. చుక్కలు చుక్కలుగా నిలిచి, కొంచెం బరువెక్కగానే జారి, పక్క మడతలోకి చేరాయి. చిన్న మడత పెద్ద మడతలో కలిసింది. పెద్ద మడతలన్నీ నడుమ ఉన్న లోతు గీతలోకి చేరాయి. ఆ గీత వెంట నీళ్లు కింది అంచు దాటి మట్టిలో పడ్డాయి.

"గిప్పుడు చెప్పుండ్రి. గిండ్ల కృష్ణ యాడుంది?"

"నడుమ గీత తాతా!" అన్నారు పిల్లలు.

"కాదు బిడ్డ. గొంగడి అంత కృష్ణనే. నడుమల మీకు కనవడుతుంది, గంతే. అంచు లోపల యాడ ఒక్క చుక్క పడ్డా గాడికే పోతది. అంచు అవతల పడ్డది పక్కోని గొంగడిది."

ఒక పిల్లవాడు ఒక్క మడతనే వేలితో చూపించి, "మరి గిది తాతా?" అన్నాడు.

"గది మన వాగు. దానికి దాని చిన్న గొంగడి ఉంది. పెద్ద గొంగడిల చిన్న గొంగడి. చిన్నదాండ్ల మీ ఇల్లు. మీ ఇంటి మీద పడ్డ వాన ముందు చిన్నదానికి లెక్క చెప్పి, ఎనక పెద్దదానికి చెప్పాలె."

నేను చదివిన పుస్తకాల్లో దీన్ని నదీ పరీవాహక ప్రాంతం అంటారు. ఆ మాటను నల్లబల్ల మీద రాసి, నిర్వచనం రాసి, పిల్లలతో పదిసార్లు చదివించి, పరీక్షలో అడిగేవాణ్ని. ఒక్కడికీ అర్థమయ్యేది కాదు. ఆ రోజు అందరికీ అర్థమైంది. నాకూ అయింది. ఉపనది అన్న మాట నా నోట విని నీరడి తాత, "ఉపసర్పంచి లెక్కనా సారు? సంతకం చేయనియ్యరా దాన్ని?" అని అడిగాడు. ఇప్పటికీ తుంగభద్ర పేరు వింటే నాకు ఆ ప్రశ్నే గుర్తొస్తుంది.

అయినా సున్నా దిద్దలేదు. అడిగిన ప్రశ్న ఒకటి, రాసిన జవాబు ఒకటి అని నాకు నేను చెప్పుకున్నాను.

తర్వాతి వేసవిలో వనపర్తిలో ఉపాధ్యాయుల శిక్షణ జరిగింది. అక్కడ ఒక గొంగడి తెప్పించి, రాళ్లు పెట్టి, నీళ్లు చల్లి, ఈ పాఠం చెప్పాను. చప్పట్లు కొట్టారు. ఇంత సులువైన పద్ధతి మీకు ఎలా తట్టింది అని అడిగారు. పిల్లలతో పనిచేస్తుంటే తడుతుంది అన్నాను. నాకు శాలువా కప్పారు. అది ఇంకా బీరువాలో ఉంది. గొంగడి మాత్రం ఆయనది.

ఆ ఏడు పిల్లలను కృష్ణను చూపించడానికి గద్వాల దారిలో బీచుపల్లి తీసుకుపోయాను. వంటకు, నీళ్లకు సాయంగా నీరడి తాత వచ్చాడు. పుట్టి బుద్ధెరిగాక ఆయన కృష్ణను చూడటం అదే మొదటిసారి. జీవితమంతా నీళ్లను అటే పంపిన మనిషి, అవి చేరిన చోటు చూడలేదు. నది నిండుగా ఉంది. గట్టు దిగి నీళ్ల అంచు దాకా పోయి నిలబడ్డాడు. తర్వాత మనవరాలి భుజం తట్టి, "మనోళ్లు గింతమంది ఉన్నరానే!" అన్నాడు. దండం పెట్టలేదు. చుట్టాలను చూసినట్టు చూశాడు.

ఆయనకు కొన్ని అలవాట్లుండేవి. వాన వెలిసీ వెలవకముందే పార పట్టుకొని కట్టుకాలువ గట్టు వెంట గుట్ట దాకా నడిచేవాడు. ఒకసారి పిల్లలను తీసుకొని నేనూ ఆయన వెంట నడిచాను. ఎక్కడ ముళ్లకంప అడ్డం పడినా తీసేవాడు. ఎవరి మడికి ఎంతసేపు నీళ్లు వదిలాడో గడియారం లేకుండా చెప్పేవాడు. కొత్తగా ఎవరైనా ఇల్లు కడుతుంటే పునాది దగ్గర చెంబుడు నీళ్లు పోసి, అవి ఎటు పోతాయో వంగి చూసేవాడు. "నీళ్లకు మనం చెప్పొద్దు సారు. అడగాలె," అనేవాడు. శ్రీరంగాపూర్ రంగసముద్రం గట్టు మీద నిలబడితే అందరూ గోపురం చూస్తారు. ఈయన మాత్రం తూము ఎక్కడుందో వెతికేవాడు.

ఇక నా మొదటి మార్కు పిల్లవాడి సంగతి. అతడు గొంగడి పాఠానికి రెండేళ్ల ముందే బడి దాటి వెళ్లిపోయాడు. మహాబలేశ్వరం తప్పకుండా రాసేవాడు. తుంగభద్రను సరిగ్గా కుడి ఒడ్డు వైపు గీసేవాడు. కొన్నేళ్ల కింద ఆ ఊరి పక్క నుంచి మంచి రోడ్డు పడగానే గుట్టకూ ఊరికీ మధ్య భూములు కొన్నాడు. మొరం మట్టి పోయించి చదును చేయించాడు. రాళ్లు పాతించాడు, చుట్టూ గోడ కట్టించాడు. కట్టుకాలువ ఆ మొరం కింద పోయింది. తుమ్మచెట్టు కూడా పోయింది. ఆ తర్వాత గుట్ట మీద ఎంత వాన పడినా చెరువుకు రాలేదు. గోడకు కొట్టుకొని పక్కకు తిరిగి కింది వాడలోని ఇళ్లలోకి వచ్చింది. ఊళ్లో పెద్దలు ఏమన్నారంటే, లిఫ్టు కాలువ నీళ్లు చెరువుకు వస్తున్నాయి కదా, ఇంకా గుట్ట నీళ్లెందుకని. వందల అడుగులు కింద ఉన్న కృష్ణను కరెంటు పెట్టి పైకి తెచ్చుకునే ఊరు, ఊరికే వచ్చి తలుపు తట్టే కృష్ణకు గోడ కట్టింది. నేను చదివిన ఏ పుస్తకంలోనూ ఇంత తెలివితక్కువతనం లేదు.

మొరం తీయించి, కాలువకు దారి ఇవ్వమని నీరడి తాత ఆఫీసుల చుట్టూ తిరిగాడు. తూములకు జీతగాడు లేని కాలంలో, ఆయనను ఎవరూ నీరడి అని పిలవని కాలంలో తిరిగాడు. ఒక ఆఫీసులో ఊరి భూముల పటం, నక్ష, తీసి చూశారు. అందులో కాలువ గీత లేదు. "లేని కాలువను ఎట్ల తవ్వమంటవు తాతా? ఏదన్న కాగితం తెచ్చుకో," అన్నారు. ఆయనకు కాగితం గుర్తొచ్చింది. మనవరాలి ట్రంకు పెట్టెలో ఏడో తరగతి పరీక్ష పేపరు ఉంది. నా సంతకంతో, తేదీతో.

అది పట్టుకొని పోయాడు. అక్కడ ఏమైందో తర్వాత నాతో ఆయనే చెప్పాడు. మనవరాలిని వెంటబెట్టుకొని బస్సులో నాగర్‌కర్నూల్ వచ్చి, మా వరండా మెట్ల మీద కూర్చొని చెప్పాడు. ఆ రోజు కుర్చీ వేశాను. కూర్చోలేదు.

"కాగితం మంచిగనే చూసిండ్రు సారు. కాలువ, తుమ్మచెట్టు అన్ని చూసిండ్రు. ఎనక గీ సున్నా చూసి నవ్విండ్రు. 'దిద్దిన సారే తప్పన్నడు గద తాతా, నేనెట్ల ఉందంట?' అన్నడు గా ఆఫీసరు. జర గీ సున్నా కొట్టేయి సారు. నీ సంతకమే గద."

నేను ఏమన్నానో ఉన్నదున్నట్టు రాస్తాను. "నా సర్వీసులో ఒక్కసారి వేసిన మార్కు ఎన్నడూ దిద్దలేదు నీరడీ. ఇన్నేళ్ల తర్వాత దిద్దితే అది దొంగ పని అవుతుంది," అన్నాను.

మనవరాలు నా వంక చూసింది. ఆమె అప్పటికే ఆ ఊరి అంగన్‌వాడీలో టీచరు. పేపరును మళ్లీ మడిచింది.

"గట్లయితే ఇడిసిపెట్టు," అన్నాడు ఆయన. "కాలువ ఉండె అని ఒక కాగితం రాసియ్యి సారు. నువ్వు నడిచినవు గద నాతోని, గట్టు మీద."

రాస్తానన్నాను. మొదలుపెట్టాను కూడా. చరిత్ర నుంచి, సంస్థానాల కాలం నుంచి, గొలుసుకట్టు చెరువుల గొప్పదనం నుంచి ఎత్తుకున్నాను. నాలుగు పేజీలైంది. భాష నచ్చక చింపేశాను. మళ్లీ మొదలుపెట్టాను. మోకాలి ఆపరేషన్ వచ్చింది. తర్వాత రాయవచ్చులే అనుకున్నాను. "రాసినవా సారు?" అని ఆయన రెండుసార్లు ఫోన్ చేయించాడు. మూడోసారి చేయించలేదు. ఆయనకు కావలసింది రెండు వాక్యాలు. వృద్ధ కూలీ మృతి అని రాసినవాణ్ని మొదట్లో తిట్టాను. వాడు కనీసం రెండు వాక్యాలు రాశాడు.

ఆయన దినం రోజున ఊరికి వెళ్లాను. వాకిట్లో కుర్చీలు వేశారు. నా మొదటి మార్కు పిల్లవాడు కారులో దిగాడు. పెద్ద దండ తెచ్చాడు. ఫోటోకు వేసి, తెచ్చుకున్న మనుషుల ముందు నిలబడి, నీళ్ల విలువ నేర్పిన మహానుభావుడు అని మొదలుపెట్టాడు. నాకు ఒళ్లు మండిపోయింది. కూర్చున్న చోటనే అరిచాను.

"కాలువ ఏదిరా?"

అతడు నా దగ్గరికి వచ్చి, వంగి, కాళ్లకు మొక్కాడు. "కోపం చేయకుండ్రి సారు. నేను మీ దగ్గర చదువుకున్నోన్నే గద. మీరు చెప్పిన పాఠంల గా కాలువ ఉండెనా?"

వెటకారం కాదు. నిజంగానే అడిగాడు. లేదు. నేను చెప్పిన పాఠంలో కాలువ లేదు. ఎక్కడో దూరాన ఉన్న ఉపనదులన్నీ చెప్పాను. బడి కిటికీలోంచి కనిపించేదాన్ని చెప్పలేదు. అతడు ఐదుకు ఐదు తెచ్చుకొని, నేను చెప్పని చోట మొరం పోశాడు.

అతడు వెళ్లిపోయాక మనవరాలు చాయ్ తెచ్చి ఇచ్చి పక్కన కూర్చుంది. చివరి రోజుల గురించి చెప్పింది. వానలు మొదలయ్యాక తాత మంచంలోంచి రోజూ ఒకే మాట అడిగేవాడట, "అలుగు దుంకిందా?" అని. చెరువు నిండి పొర్లిందా అని. ఒకరోజు ఆమె ఉండబట్టలేక, "దుంకింది తాతా," అన్నదట. ఆయన చెవి అటు పెట్టి కొంచెంసేపు విన్నాడట.

"అబద్ధం జెప్తున్నవు. చప్పుడు వినొస్తలేదు," అన్నాడట.

ఆ పేపరు తెమ్మన్నాను. ప్లాస్టిక్ కవరులో పెట్టి ఉంది. మడతల దగ్గర చిరిగింది. సున్నా మాత్రం నిన్న చుట్టినంత ఎర్రగా ఉంది. కొట్టేయబోయాను. ఆమె నా చెయ్యి పట్టుకుంది.

"వద్దు సారు. సున్నా గట్లనే ఉండనియ్యండి. ఎవరేసిండ్రో తెల్వాలె. మీరు చెప్పేదేందో కింద రాయండి."

కింద రాశాను. అదే ఇక్కడ కూడా రాస్తున్నాను. ఇది చదివిన ఏ ఆఫీసులోనైనా దీన్ని ఆ కాగితంగా తీసుకోవచ్చు. ఆ ఊరి పడమటి గుట్ట నుంచి చెరువు దాకా కట్టుకాలువ ఉండేది. నేను చూశాను. దాని గట్టు మీద నీరడితో, పిల్లలతో కలిసి నడిచాను. ఏడో తరగతి పిల్ల గీసిన పటం సరైనది. దిద్దినవాడు తప్పు. నాలుగు పేజీలు అవసరం లేకపోయింది.

సంతకం చేస్తుండగా వాన మొదలైంది. జనం కుర్చీలు తీసుకొని చూరు కిందికి చేరారు. దండెం మీద ఆయన గొంగడి ఉంది. తాత బట్టలన్నీ ఇచ్చేశారట, దాన్ని మాత్రం ఇవ్వనియ్యలేదట ఆమె. లోపలికి తెద్దామని ఎవరో లేచారు. "ఉండనియ్యండి," అన్నది.

గొంగడి మీద చుక్కలు నిలిచాయి. బరువెక్కాయి. జారి మడతల్లోకి చేరాయి. మడతలు కలిసి నడుమ ఒక్క దారి అయింది. కింది కొసన ధార కట్టి నేల మీద పడింది. ఆ నీరు చూరు నీటితో కలిసి, వాకిలి దాటి, వాడలోకి దిగి, పాత తుమ్మచెట్టు ఉన్న దిక్కుకే పోయింది. గోడ దాకా వెళ్లింది. అక్కడ ఆగి, మెల్లగా, గోడ పొడవునా, ఎక్కడైనా సందు ఉందేమోనని వెతకడం మొదలుపెట్టింది.